తాళం కప్ప చూసి ఇల్లు ఖాళీ అనుకోకు

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

ట్రైనింగ్ పూర్తయి విజయనగరం ఫైర్ స్టేషన్లో డ్యూటీలో చేరావని తెలిసి చాలా సంతోషం. మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సగమే చెప్పాను. ఈలోగా మీ అత్తయ్య ఫోన్ లాక్కుని నీ పెళ్ళి సంబంధం సంగతి ఎత్తుకుంది. "బండి దిగీ దిగగానే, తగలబడుతున్న బిల్డింగ్ లోపల ఎంతమంది ఉన్నారో బయట నుంచి ఎలా పోల్చుకోవాలి మామయ్యా?" అన్నావు కదా. తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గానే చదువుకో.

ఈ అంచనా లోపలికి వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడానికి కాదు. వెతకడం ఎలాగూ తప్పదు. ముందు ఏ గది చూడాలి, నిచ్చెన ఏ వైపు వెయ్యాలి, ఇంకో బండి పిలవాలా, 108 వాళ్ళకి ఎన్ని అంబులెన్సులు చెప్పాలి, వీటికోసం. అందుకే మనుషులున్నారని చెప్పే గుర్తు ఒక్కటి కనబడినా నమ్మెయ్యి. లేరని చెప్పే గుర్తులు ఎన్ని కనబడినా పూర్తిగా నమ్మకు.

పని బండిలో ఉండగానే మొదలవుతుంది. కాల్ వచ్చిన టైమెంత, ఏ వారం, ఏ నెల? బడి మధ్యాహ్నం ఒంటిగంటకి ఒకలా ఉంటుంది, రాత్రి ఒంటిగంటకి ఇంకోలా ఉంటుందని ఎవరైనా చెప్తారు. మన జిల్లాల లెక్కలు కొన్ని వేరు. వేసవిలో ఉపాధి పనులకి పొద్దున్నే వెళ్ళిపోయి ఎండెక్కేసరికి తిరిగొస్తారు. ఏడింటికి పల్లెలో కాల్ వచ్చిందంటే ఆ ఇళ్ళలో ఉండేది ముసలాళ్ళూ చంటిపిల్లలూ. తలలు తక్కువే గానీ ఒక్కరూ తమంతట తాము బయటికి రాలేరు. భోగాపురం, పూసపాటిరేగ వైపు మత్స్యకారుల ఊళ్ళకి వెళ్తే ఒడ్డు వైపు ఒక చూపు వెయ్యి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటే మగాళ్ళు ఊళ్ళో ఉన్నట్టే, పట్టపగలు నిద్రపోతున్నా ఉంటారు. తాటాకిళ్ళు అంటుకునే కాలం కూడా అదే. ఇక మీ ఊరికైతే పైడితల్లి పండగ ఉండనే ఉంది. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమాను, ముందురోజు తొలేళ్ళు. ఆ రెండు రాత్రులూ నలుగురుండే ఇంట్లో ఎంతమంది చుట్టాలు పడుకుంటారో ఇంటివాళ్ళకే సరిగ్గా తెలీదు. ఆ రోజుల్లో నీ అంచనాని కళ్ళు మూసుకుని మూడింతలు చేసుకో.

బండిని బిల్డింగుకి సరిగ్గా ఎదురుగా ఆపకుండా కాస్త దాటించి ఆపమని డ్రైవర్‌కి చెప్పండి. దాటేటప్పుడే మూడు వైపులు కనబడతాయి. నాలుగో వైపుకి ఎవరో ఒకరు నడిచి వెళ్ళాల్సిందే. ముందు వైపు గోడకి రంగూ బోర్డూ ఉంటాయి. బతుకంతా వెనకే. ఆరేసిన బట్టలు, చంటిపిల్లల గుడ్డలు, గ్యాస్ సిలిండర్లు, ఏసీ డబ్బాలు అన్నీ అటే ఉంటాయి. ఏసీ పైపు నుంచి నీళ్ళు ఇంకా చుక్కలు పడుతుంటే కాసేపటి క్రితం దాకా ఆ గదిలో ఎవరో ఉన్నట్టే. రాత్రిపూట కాల్‌లో ఆ గదే నీ మొదటి గది.

చెప్పుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మనవాళ్ళు చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు కాబట్టి ఇంతకంటే మంచి హాజరుపట్టీ దొరకదు. జతలు లెక్కపెడుతూ కూర్చోకు, రకాలు చూడు. స్టాండులో దుమ్ము పట్టినవి లెక్కలోకి రావు. గుమ్మం ఎదుట అడ్డదిడ్డంగా విడిచినవే ఇవాళ్టివి. అరచెయ్యంత బెల్టు చెప్పులుంటే పసిపిల్లలున్నారు. పొగొచ్చినప్పుడు పిల్లలు పారిపోరు, మంచం కిందో బీరువా వెనకో దాక్కుంటారు. హవాయి చెప్పులూ పక్కన చేతికర్రా ఉంటే లోపల పెద్దాయన ఉన్నాడు, ఆయన గది కింది అంతస్తులోనే ఉండొచ్చు. ఒకే వయసు కుర్రాళ్ళ చెప్పులు వరండా పొడుగునా ఉంటే అది ఇల్లు కాదు, హాస్టల్.

ముగ్గు కూడా చూడు. పొద్దున్న వేసిన ముగ్గు వాకిట్లో ఉంటే ఇవాళ ఇంట్లో ఆడవాళ్ళు ఉన్నట్టు. కానీ ముగ్గు లేదని ఖాళీ అనుకున్నావో, దెబ్బతింటావు. మైల ఉన్న ఇంట్లో ముగ్గు పెట్టరు. ఆ ఇల్లు దినం అయ్యేదాకా చుట్టాలతో నిండిపోయి ఉంటుంది. ముగ్గు పెట్టే అలవాటే లేని ఇళ్ళూ బోలెడు. గేటుకి పాల ప్యాకెట్లు, పేపర్లు రోజుల తరబడి పేరుకుపోయి ఉంటేనే ఊరెళ్ళారన్న మాటకి కొంచెం బలం.

తాళం కప్ప అన్నిటికంటే పెద్ద మోసగత్తె. పనికి వెళ్తూ మతిమరుపు ముసలమ్మ రోడ్డు మీదకి వెళ్ళిపోతుందని బయట తాళం వేసే కొడుకులున్నారు. తప్పు అనడానికి మనమెవరం, వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. షట్టరుకి బయట తాళం వేసి లోపల పనివాళ్ళని పడుకోబెట్టే షాపులూ గోడౌన్లూ ఉన్నాయి. ఢిల్లీ అనాజ్ మండీలో 2019 డిసెంబరు 8న తెల్లవారుజామున తగలబడింది ఫ్యాక్టరీయే. పోయిన 43 మందిలో ఎక్కువమంది అందులోనే పడుకున్న కూలీలు. కాబట్టి షట్టరు పక్కన బ్రష్షులు పెట్టిన మగ్గు, తాడు మీద లుంగీ కనబడితే అది ఇల్లు కూడా అని అర్థం.

బోర్డుని కూడా గుడ్డిగా నమ్మకు. విజయవాడలో 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున నిప్పంటుకున్న బిల్డింగ్ మామూలుగా హోటలే. ఆ వేళకి లోపలున్నది మాత్రం కోవిడ్ పేషెంట్లు. కళ్యాణ మండపంలో పెళ్ళి లేకపోయినా ట్యూషన్ నడవొచ్చు. మామూలు మేడలో పైన నర్సింగ్ హోమ్ పెట్టొచ్చు, అప్పుడు జనరేటరూ ఆక్సిజన్ సిలిండర్లూ బయటే పట్టిస్తాయి.

ఎప్పుడూ తలెత్తి మేడ మీదకి చూడు. నేషనల్ బిల్డింగ్ కోడ్ నివాసానికి మనిషికి 12.5 చదరపు మీటర్ల చొప్పున లెక్క కడుతుంది. వంద చదరపు మీటర్ల అంతస్తుకి ఎనిమిది మంది. ఆ లెక్క మెట్లూ దారులూ ఎంత ఉండాలో తేల్చడానికి, నిజంగా పడుకునేవాళ్ళని చెప్పడానికి కాదు. చిన్న బిల్డింగ్ మీద అరడజను నల్ల ట్యాంకులుండి, ఒకే రకం తువ్వాళ్ళు వరసగా ఆరేసి ఉంటే అంతస్తుకి ముప్పై మంది కుర్రాళ్ళున్నా ఆశ్చర్యపోకు. రేకుల షెడ్డు కనబడిందా, ఇంకా జాగ్రత్త. సూరత్‌లో 2019 మే 24న 22 మంది విద్యార్థులు పోయింది పై అంతస్తు మీద అలాంటి షెడ్డు వేసి నడిపిన కోచింగ్‌లోనే. కింద కొట్లు చూసినవాడికి పైన క్లాసు జరుగుతోందని తట్టదు, గోడ మీద ఫ్లెక్సీ చదివినవాడికి తడుతుంది. వేసవి రాత్రి కరెంటు పోయిందంటే మామూలు ఇళ్ళవాళ్ళు కూడా డాబా మీదే దోమతెర కట్టుకుని పడుకుంటారు.

అపార్ట్‌మెంట్ అయితే మీటర్ల బోర్డు చూస్తే ఎన్ని ఫ్లాట్లో వెంటనే తెలిసిపోతుంది. డిజిటల్ మీటర్లో చిన్న ఎర్ర లైటు మిణుకుమంటుంది కదా, వాడకాన్ని బట్టి దాని వేగం మారుతుంది. ఫ్రిజ్ ఒక్కటే నడుస్తుంటే నింపాదిగా, ఏసీ వేస్తే గబగబా. కరెంటు తీయించే ముందు దాని మీద ఒక చూపు, అంతే, అక్కడే నిలబడిపోకు. లైటు వెలగకపోతే దాన్నుంచి ఏమీ తేల్చుకోకు, ఫ్యూజ్ పోయి ఉండొచ్చు. అక్కడే, మెట్ల కింద, వాచ్‌మన్ కుటుంబం ఉండే గది ఉంటుంది. ఏ ఫ్లాట్ లెక్కలోనూ వాళ్ళు రారు. పార్కింగ్‌లో స్కూటర్లు అంటుకున్నప్పుడు మొదట పొగ కమ్మేది వాళ్ళ గదినే. లాడ్జి అయితే రిసెప్షన్ గోడకి తాళాలు తగిలించే బోర్డు చూడు. తాళం లేని కొక్కేలన్నీ అప్పటికి మనుషులున్న గదులే అనుకో. వీలైతే రిజిస్టరు లాక్కుని బయటికి పట్టుకురా.

చుట్టూ చేరిన జనాన్ని అడగడంలో కూడా ఒక పద్ధతుంది. "లోపలెవరైనా ఉన్నారా?" అంటే, "ఎవుల్లేరు బాబూ, అందరూ ఊరెల్లిపోనారు" అనేస్తారు. తెలిసి అనరు, కంగారులో అనేస్తారు. "ఈ ఇంటివాళ్ళని చివరగా ఎప్పుడు చూశారు? ఎవరెవరు ఉంటారు? ఎక్కడ పడుకుంటారు?" అని అడుగు. ఇస్త్రీ బండివాడిని, పాలు పోసేవాడిని, వీధిలో ఆడుకునే పిల్లలని అడుగు, పక్కింటి పెద్దమనిషి కంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. ఇంటివాళ్ళే బయట నిలబడి ఏడుస్తుంటే పేర్లు అడిగి, చూపిస్తున్న కిటికీ ఏదో నీ కళ్ళతో చూసుకుని కదులు. చాలా ఇళ్ళ కిటికీలకి ఇనప ఊచలే. గాలి కోసం వచ్చినవాళ్ళు అక్కడే పడిపోతారు, అందుకే కిటికీ కింద ముందు తడమాలి.

మీ ఆఫీసర్‌కి చెప్పేటప్పుడు "ఖాళీగా ఉంది సార్" అని తీర్పు చెప్పకు. చూసింది చెప్పు. "మూడంతస్తులు, హాస్టల్లా ఉంది, రెండో అంతస్తులో లైట్లున్నాయి, వెనక మెట్లు లేవు." తేల్చుకోవాల్సింది ఆయన. కంగారులో గొంతు పెంచకు, వైర్‌లెస్‌లో అరుపు అర్థం కాదు.

కాల్స్ లేని రోజుల్లో టీకి వెళ్ళినప్పుడల్లా ఇదే పని పెట్టుకో. మూడు లాంతర్లు, గంటస్తంభం, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల ఒక్కో బిల్డింగ్ చూసి లోపల ఎంతమందో అంచనా వెయ్యి, తర్వాత అడిగి సరిచూసుకో. హాస్టళ్ళు, లాడ్జీలు, మేడ మీద ట్యూషన్లు ఒక నోట్‌బుక్కులో రాసుకో. పగలెంతమంది, రాత్రెంతమంది, మెట్లెటు, బండి పట్టే సందు ఎంత, అన్నీ. శ్రీకాకుళం వచ్చినప్పుడు ఆ పుస్తకం పట్టుకురా, కలిసి చూద్దాం. వచ్చేముందు అత్తయ్యకి ఓ ఫోన్ చెయ్యి, ఆ సంబంధం సంగతి ఆవిడ ఇంకా వదల్లేదు.

ఇట్లు,
మామయ్య