20వ తేదీకే డబ్బులు అయిపోతున్నాయి.. చెన్నైలో చదువుకుంటూ 15 వేలతో ఎలా నెట్టుకురావాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. చెన్నైలో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వేలచ్చేరిలో లేడీస్ హాస్టల్‌లో ఉంటున్నా. నాన్న ఒకటో తేదీన 15 వేలు పంపిస్తారు. హాస్టల్‌కు 8,500 కట్టగా మిగిలింది 20వ తేదీకల్లా అయిపోతోంది. ఆ తర్వాత అక్కను అడగడమో, ఫోన్‌లో పే లేటర్ (ఇప్పుడు వాడుకుని తర్వాత కట్టే సదుపాయం) వాడటమో చేస్తున్నాను. పే లేటర్ బాకీ ఇప్పటికి 3,000 ఉంది. తమ్ముడు ఈ ఏడాదే ఇంటర్‌లో చేరాడు, ఇంకా పంపమని నాన్నను అడగలేను. రెండు నెలల యూపీఐ స్టేట్‌మెంట్, ఈ సెమిస్టర్‌లో పెట్టిన పెద్ద ఖర్చులు రాసి పంపుతున్నాను. రూమ్మేట్ నెలకు 500తో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా మదుపు) మొదలుపెట్టమంటోంది. పెట్టమంటారా? ఎక్కడ తగ్గించుకోవాలి?
- ఒక విద్యార్థిని, చెన్నై

జవాబు: మీ స్టేట్‌మెంట్ మొత్తం చూశాను. ముందుగా ఒక మాట చెప్తాను, టెన్షన్ పడకండి. మీది దుబారా కాదమ్మా. చెన్నైలో హాస్టల్ పోగా చేతిలో ఉండే 6,500తో చదువుకునే పిల్ల ఇబ్బంది పడటంలో వింతేమీ లేదు. కానీ ఈ డబ్బుతోనే నెల గడిచే మార్గం ఉంది. మీరు నెలకు లెక్క వేస్తున్నారు, మీ ఖర్చులేమో సెమిస్టర్ లెక్కన వస్తున్నాయి. ఇబ్బందంతా అక్కడే.

మీరు రాసిన జాబితానే తీసుకుందాం. పరీక్ష ఫీజు 2,400. రికార్డులు, ప్రింటవుట్లు, జిరాక్సులకు 1,500. 84 రోజుల ఫోన్ రీచార్జి రెండుసార్లకు 1,800. ఇంటికి ఆరుసార్లు వెళ్లి రావడానికి 1,800. పండగ బట్టలకు 2,000. జ్వరం వచ్చినప్పుడు డాక్టరుకు, మందులకు 1,000. చెప్పులు, బ్యాగుకు 900. అన్నీ కలిపితే ఆరు నెలలకు 11,400. అంటే నెలకు 1,900 ముందే ఖర్చయిపోయినట్టు లెక్క. అది మీ ఖాతాలో కనిపిస్తోంది కాబట్టి ఒకటో తేదీన 6,500 ఉన్నాయనుకుంటున్నారు. నిజానికి ఉన్నది 4,600. పరీక్ష ఫీజు కట్టిన నెలలోనే మీరు పే లేటర్ మొదలుపెట్టారు, స్టేట్‌మెంట్‌లో తేదీలు చూసుకోండి.

కాబట్టి ఆ 1,900ను మొదటి రోజే పక్కకు తీయాలి. ఇంకో ఖాతా తెరిచి అందులో వేసుకోవచ్చు. కానీ నాకు నచ్చే పద్ధతి వేరే ఉంది. నాన్నగారిని 13,100 మాత్రమే పంపమనండి. మిగతా 1,900 ప్రతి నెలా అమ్మ ఖాతాలో ఉంచమనండి. ఫీజు నోటీసు వచ్చినప్పుడు అమ్మ పంపిస్తారు. ఇంటి నుంచి వెళ్లేది అదే 15 వేలు, పైసా పెరగదు. ఆరు నెలలు నిండకముందే ఫీజు వచ్చిపడితే మొదటిసారి మాత్రం కొంత ముందుగా సర్దమని అడగాల్సి రావచ్చు. పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టమని ఎవరైనా చెబితే మాత్రం వద్దు, దాని గడువు ఐదేళ్లు. మీకు కావాల్సింది ఆరు నెలల్లో చేతికందే డబ్బు.

ఇప్పుడు పే లేటర్ సంగతి. దీని మీద నాకు పట్టింపు ఎక్కువ, కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను. పేరు ఏదైనా అది అప్పే. వెనక ఒక బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీనో (అప్పులిచ్చే బ్యాంకేతర సంస్థ) ఉంటుంది. మీరు ఆలస్యం చేస్తే ఆలస్య రుసుము పడటంతో ఆగదు, ఆ సమాచారం మన అప్పుల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలకు కూడా వెళ్లొచ్చు. రేపు మీరు పైచదువుకు విద్యారుణం అడిగినప్పుడో, ఉద్యోగం వచ్చాక బండి లోన్‌కు వెళ్లినప్పుడో బ్యాంకు వాళ్లు మొదట తీసేది ఆ చరిత్రే. 3,000 కోసం దాన్ని పాడు చేసుకోవద్దు. అక్కను ఒక్కసారి 3,000 అడిగి ఈ బాకీ మొత్తం కట్టేయండి. అక్కకు నెలకు 600 చొప్పున ఐదు నెలల్లో తిరిగి ఇచ్చేయండి. ఎందుకో, ఎప్పటికి ఇస్తారో ముందే చెప్పి అడగండి. ఇరవయ్యో తేదీ దాటాక 'అక్కా, ఒక ఐదొందలు' అని మెసేజ్ పెట్టడం కంటే ఇది ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది. బాకీ తీరాక యాప్ తీసేస్తే చాలదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పే లేటర్ సదుపాయాన్నే మూసేయించండి, బాకీ సున్నా అని చూపే మెసేజ్ దాచుకోండి.

దాని బదులు ఇంకో లోన్ యాప్ వైపు మాత్రం పొరపాటున కూడా వెళ్లకండి. అప్పు ఇచ్చే యాప్‌లు మన ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోల జోలికి వెళ్లకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే నిబంధనలు తెచ్చింది. అప్పు ఇచ్చే సంస్థ పేరు, మొత్తం ఖర్చు ముందే చూపించాలని కూడా చెప్పింది. కాంటాక్టుల అనుమతి అడిగిందంటే అది దొంగ యాప్ అనుకుని తీసేయండి. హాస్టల్లో ఎవరైనా అలాంటి దానిలో చిక్కుకుని బెదిరింపులు వస్తుంటే, భయపడి ఇంకో అప్పు చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

అక్కకు ఇచ్చే 600 పోతే మీకు మిగిలేది 4,000. దీన్ని నెలంతా ఒకే ముద్దగా ఉంచుకోవద్దు. వారానికి 900 చొప్పున నాలుగు వారాలు, 29 నుంచి 31 వరకు వచ్చే రోజులకు 400. ప్రతి సోమవారం ఉదయం యూపీఐ లైట్‌లోకి (యూపీఐ యాప్‌లోనే చిన్న ఖర్చులకు ఉండే పర్సు లాంటిది) 900 వేసుకుని, రోజువారీ ఖర్చంతా దానిలోంచే పెట్టండి. అందులో ఒకేసారి 5,000 వరకు ఉంచుకోవచ్చు, ఒక్కో చెల్లింపు 1,000 లోపు ఉండాలి కాబట్టి మీకు సరిపోతుంది. రెండు జాగ్రత్తలు. ఆటో టాపప్ ఆపేయండి, లేకపోతే అయిపోయినప్పుడల్లా ఖాతాలోంచి అదే లాక్కుంటుంది, మనం పడిన కష్టమంతా వృథా. యూపీఐ లైట్‌కు పిన్ అడగదు కాబట్టి ఫోన్‌కు లాక్ తప్పనిసరి.

ఆ 900 ఎలా పోతుందో చూద్దాం. కాలేజీ క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనం 60 చొప్పున ఆరు రోజులకు 360. సబ్బు, షాంపూ, ప్యాడ్లకు 100. మిగతాది చెప్పేముందు మీ స్టేట్‌మెంట్‌లో నా కంటపడిన ఒక సంగతి.

ఒక్క నెలలో ఫుడ్ ఆర్డర్లు 11. వాటికి అయింది 2,900 దాకా. ఇదే తగ్గించాలని మీరూ అనుకుని ఉంటారు, 'బిర్యానీ మానేస్తాను' అని ఒట్టు కూడా పెట్టుకుని ఉంటారు. కానీ ఆ 11లో ఎనిమిది సోమ, బుధవారాల్లోనే ఉన్నాయి, అన్నీ రాత్రి తొమ్మిదిన్నర తర్వాతే. మీ ఉత్తరంలోనే ఇంకోచోట రాశారు, ఆ రెండు రోజులూ ల్యాబ్ ఉంటుందని, హాస్టల్‌లో భోజనం తొమ్మిదికే ఎత్తేస్తారని. అంటే మీరు జిహ్వచాపల్యంతో ఆర్డర్ పెట్టడం లేదు. హాస్టల్‌కు డబ్బు కట్టి కూడా ఆ పూట పస్తు ఉండలేక పెడుతున్నారు. ఒక్కో ఆర్డర్‌కు మెనూలో కనిపించే ధర మీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫాం ఫీజు, పన్ను కలిసి 260 అవుతోంది. వార్డెన్‌తో మాట్లాడండి. సోమ, బుధవారాలు మీ వాటా అన్నం, కూర ఒక స్టీలు క్యారియర్‌లో తీసి ఉంచమనండి. క్యారియర్ మీరే ఇవ్వండి, వంట మనిషికి ఉదయమే గుర్తు చేయండి. మీరు డబ్బు కట్టిన భోజనమే కదా, అడగడానికి మొహమాటం ఎందుకు? వాళ్లు పెట్టేది ఎక్కువసార్లు ఇడ్లీ సాంబారే అంటే, ఇంటి నుంచి కందిపొడి, ఆవకాయ తెచ్చుకుని దగ్గర పెట్టుకోండి. ఈ ఒక్క మార్పుతో నెలకు దాదాపు 2,000 మిగులుతాయి. మీ కొరతలో పెద్ద భాగం అదే.

ప్రయాణానికి వస్తే, తమిళనాడులో 2021 మే నుంచి ఆర్డినరీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. మీరు ఆంధ్రా అమ్మాయి అయినా వర్తిస్తుంది, ఏ కార్డూ అడగరు. డీలక్స్, ఏసీ బస్సులకు మాత్రం ఉండదు, ఎక్కేముందు బోర్డు చూసుకోండి. పగటి ప్రయాణం అంతా దానిలోనే పెట్టుకోండి. ల్యాబ్ ఉన్న రాత్రులు మాత్రం స్టేషన్ నుంచి ఆటోలోనే రండి. వారానికి రెండుసార్లకు 120 అవుతుంది, అవ్వనివ్వండి. ఆ గంటలో నడిచి 60 మిగుల్చుకోమని నేను ఎవరి బిడ్డకూ చెప్పను.

ఇంటికి వెళ్లడానికి ఇంకో వెసులుబాటు ఉంది. సెలవులకు సొంత ఊరు వెళ్లే విద్యార్థులకు రైల్వేలో సెకండ్ క్లాసు, స్లీపర్‌లో రాయితీ ఉంది, జనరల్ కేటగిరీకైతే సగం. కాలేజీ ఆఫీసులో కన్సెషన్ ఫారం తీసుకుని కౌంటర్ దగ్గరే టికెట్ కొనాలి. సంక్రాంతికి ముందు ఆఫీసు దగ్గర రద్దీగా ఉంటుంది, డిసెంబరులోనే అడిగి పెట్టుకోండి.

భోజనం, సబ్బులు, ఆటో కలిపి 580. వారానికి ఇంకా 320 ఉంటుంది. అది పూర్తిగా మీ ఇష్టం. బెసెంట్ నగర్ బీచ్‌లో సుండల్ (గుగ్గిళ్లు) తింటారో, రెండు వారాలది కలిపి సినిమాకు వెళ్తారో, దానికి లెక్క రాయనక్కర్లేదు. రూపాయి రూపాయికీ పుస్తకం రాయమంటే ఎవరైనా పది రోజుల్లో మానేస్తారు, చదువు మధ్యలో ఆ బరువు మీకెందుకు. స్నేహితులు మాల్‌కు రమ్మన్న వారం చేతిలో లేకపోతే 'ఈ వారం కాదు, వచ్చే వారం వస్తా' అనండి. అందరి బిల్లు మీరు కట్టి, తర్వాత వసూలు చేసుకునే పని మాత్రం పెట్టుకోకండి. స్టేట్‌మెంట్‌లో అలా వెళ్లినవి మూడు కనిపించాయి, తిరిగి వచ్చింది ఒకటే.

సిప్ ఇప్పుడు వద్దు. రూమ్మేట్ చెడ్డ సలహా ఇవ్వలేదు, మీకు ఇంకా ఆ సమయం రాలేదు, అంతే. నెలాఖరున 500 లేక అప్పు చేసే మనిషి ఒకటో తేదీన 500 మదుపు చేస్తే, ఆ డబ్బు అప్పు చేసి పెట్టినట్టే. అక్క బాకీ తీరాక అదే 600ను పక్కన వేస్తూ ఉండండి. అది 5,000 అయ్యేదాకా మార్కెట్ మాట తలపెట్టకండి. పన్ను నొప్పి, ఫోన్ స్క్రీన్ పగలడం లాంటివి వచ్చినప్పుడు ఆదుకునేది ఆ డబ్బే. సిప్‌కు ఉద్యోగం వచ్చాక చాలా ఏళ్లు ఉన్నాయి.

చివరిగా నాన్నగారి విషయం. ఎక్కువ అడగలేనన్నారు, అడగక్కర్లేదు. కానీ ఈ లెక్క ఒక కాగితం మీద రాసి ఆయనకు చూపించండి, పే లేటర్ బాకీతో సహా. 13,100, 1,900 అని విడగొట్టి పంపమని అడగాలన్నా ఎందుకో ఆయనకు తెలియాలి. ఇంకో పని కూడా మర్చిపోకండి. హాస్టల్‌లో చేరినప్పుడు ఇచ్చిన అడ్వాన్సుకు రసీదు ఉందో లేదో చూసుకోండి. ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, మెయింటెనెన్స్ పేరుతో ఎంత పట్టుకుంటారు అన్నది వార్డెన్‌తో వాట్సాప్‌లో రాయించుకోండి. చదువు అయ్యాక మీకు తిరిగి రావాల్సిన పెద్ద మొత్తం అదే.