ఎన్‌బీఏ, ఎన్‌హెచ్‌ఎల్: ఆదరణలో ఇంత తేడా ఎందుకు?

ఉత్తర అమెరికాలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగు, ఎన్‌హెచ్‌ఎల్ ఐస్ హాకీ లీగు. రెండు లీగులూ ఒకే కాలంలో, చాలా నగరాల్లో ఒకే అరీనాలో (ఇండోర్ స్టేడియంలో), జట్టుకు ఎనభై పైచిలుకు మ్యాచ్‌ల చొప్పున ఆడుతున్నప్పుడు బాస్కెట్‌బాల్‌కూ ఐస్ హాకీకీ ఆదరణలో ఇంత తేడా ఎలా వచ్చింది, అసలు ఏది ముందుంది అని అడిగారు. ఏది ముందుందన్న దానికి జవాబు చిన్నదే. అమెరికాలో బాస్కెట్‌బాల్, కెనడాలో హాకీ, మిగిలిన ప్రపంచం మొత్తాన్ని కలిపి చూస్తే మళ్ళీ బాస్కెట్‌బాల్. ఎందుకన్నది మాత్రం టొరంటో పక్కన మిస్సిసాగాలో స్థిరపడి, కూతురిని హాకీకీ కొడుకును బాస్కెట్‌బాల్‌కూ తిప్పుతున్న నాకు ఎన్నో ఏళ్ళుగా మనసులో మెదులుతున్న విషయం. హాకీ నాకు ప్రాణం. అయినా అది చూడటానికీ కష్టమైన ఆటే, ఆడటానికీ కష్టమైన ఆటే అని ఒప్పుకోక తప్పదు. మిగిలిన కారణాలన్నీ ఈ రెంటి తర్వాతే వస్తాయని నా గట్టి నమ్మకం.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. అరీనాకు వచ్చే జనాన్ని లెక్కపెడితే ఈ రెండు లీగుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండింటిలోనూ మ్యాచ్‌కు సగటున 17 వేల నుంచి 18 వేల పైచిలుకు మంది వస్తారు. తేడా అంతా టీవీ దగ్గర మొదలవుతుంది. ఎన్‌బీఏ 2024లో డిస్నీ, ఎన్‌బీసీ యూనివర్సల్, అమెజాన్ సంస్థలతో 11 ఏళ్ళకు సుమారు 7,600 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అంటే ఏడాదికి దాదాపు 690 కోట్లు. ఎన్‌హెచ్‌ఎల్‌కు అమెరికాలో 2021 నుంచి ఈఎస్‌పీఎన్, టర్నర్ సంస్థల నుంచి వస్తున్నది ఏడాదికి 62 కోట్ల డాలర్ల చిల్లర. అరీనాలో కూర్చున్నవాళ్ళు ఇంచుమించు సమానమైనప్పుడు, ఇంట్లో కూర్చున్నవాళ్ళ విలువలో పదకొండు రెట్ల తేడా ఉన్నదంటే, ఇంటి తెర మీదికి వచ్చేసరికి హాకీలో ఏదో జారిపోతున్నదన్న మాట. అది ఏమిటో నాకు మా అమ్మ వల్ల తెలిసింది.

2019 వసంతంలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంది. ఆటల గురించి ఆమెకు ఏమీ తెలియదు. క్రికెట్ కూడా మా నాన్నగారు పెడితే చూడటమే. ఆ ఏప్రిల్‌లో టొరంటో హాకీ జట్టు మేపుల్ లీఫ్స్, ప్లేఆఫ్స్ తొలి రౌండులో బోస్టన్ బ్రూయిన్స్‌తో ఏడు మ్యాచ్‌ల సిరీస్‌ను చివరిదైన ఏడో మ్యాచ్ దాకా తీసుకువెళ్ళింది. నేనూ మా అమ్మాయీ ఊపిరి బిగబట్టి చూస్తుంటే అమ్మ కూడా వచ్చి సోఫాలో కూర్చుంది. పది నిమిషాలు ఓపికగా చూసి, "ఒరేయ్, కర్రలు కనిపిస్తున్నాయి గానీ దేన్ని కొడుతున్నారో కనిపించడం లేదురా" అంది. మా అమ్మాయి లేచి తెర దగ్గరికి వెళ్ళి, "అదిగో నానమ్మా, ఆ నల్లది" అని వేలు పెట్టి చూపించేలోగా అది అక్కడ లేదు. ఇంకాసేపటికి, "ఇందాకటి వాళ్ళేరి? అందరినీ మార్చేశారేం?" అని అడిగింది. ఆ రాత్రి లీఫ్స్ 5-1తో ఓడిపోయారు. అప్పటికే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మూడు వారాలు కూడా గడవకముందే, మే 12న, అదే సోఫాలో ఆమె బాస్కెట్‌బాల్ చూసింది. టొరంటో బాస్కెట్‌బాల్ జట్టు రాప్టర్స్‌కూ ఫిలడెల్ఫియాకూ ఏడో మ్యాచ్. స్కోరు 90-90. మిగిలింది 4.2 సెకన్లు. ఆ రోజు మదర్స్ డే కావడంతో మా వీధిలోని రెండు తెలుగు కుటుంబాలవాళ్ళు భోజనానికి వచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ టీవీ ముందు నిలబడి ఉన్నారు. రాప్టర్స్ ఆటగాడు కవాయ్ లెనర్డ్ బంతి అందుకుని, కుడి మూల వరకూ అడ్డంగా పరుగెత్తి, ఫిలడెల్ఫియా జట్టులోని ఏడడుగుల జోయెల్ ఎంబీడ్ చాచిన చేతుల మీదుగా విసిరాడు. బంతి రింగు మీద పడి పైకి లేచింది. మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది. అలా నాలుగుసార్లు రింగు మీద ఎగిరి, చివరికి లోపలికి జారింది. ఏడో మ్యాచ్‌లో గంట మోగుతుండగా పడిన బంతితో సిరీస్ తేలిపోవడం ఎన్‌బీఏ చరిత్రలోనే అది మొదటిసారి. మా అమ్మకు ఆ చరిత్ర తెలియదు, మూడు పాయింట్లంటే తెలియదు, ఫౌలంటే తెలియదు. అయినా బంతి రింగు మీద ఎగురుతున్నంతసేపూ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "పడిందా, పడిందా" అంటూనే ఉంది. ఆ తర్వాత అందరం గంతులు వేస్తుంటే ఆమె మాత్రం తెర వైపే చూస్తూ, "ఆ పొడుగబ్బాయి ఏడుస్తున్నాడురా, వాళ్ళమ్మ చూస్తున్నదో ఏమో" అంది. ఎంబీడ్ నిజంగానే ఏడుస్తున్నాడు. గెలిచిన జట్టులోని మార్క్ గసోల్ వచ్చి అతణ్ని ఓదార్చాడు.

బాస్కెట్‌బాల్ గెలుపు మొత్తం ఆ దృశ్యంలో ఉందని నేను నమ్ముతాను. ఆట తెలియని మనిషికి కూడా బంతి కనబడుతుంది, ముఖం కనబడుతుంది. హాకీలో పక్ మూడు అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్ల రబ్బరు బిళ్ళ. అది ఎగిరెగిరి పడకుండా ఉండటానికి మ్యాచ్‌కు ముందు గడ్డకట్టేదాకా చల్లబరుస్తారు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో పోయే ఆ బిళ్ళను రెండువందల అడుగుల మంచు మీద కెమెరా దూరం నుంచి చూపించాలి. ఈ సమస్య టీవీవాళ్ళకు తెలియనిది కాదు. 1996లో ఫాక్స్ సంస్థ పక్‌లో ఎలక్ట్రానిక్ పరికరాలు అమర్చి, తెర మీద దాని చుట్టూ నీలి వెలుగు, గట్టిగా కొట్టినప్పుడు వెనుక ఎర్ర తోక కనిపించేలా చేసింది. హాకీ అభిమానులు దాన్ని అసహ్యించుకున్నారు. 1998లో అది పోయింది. పాత అభిమానుల కళ్ళకు ఇబ్బంది కలిగిందని కొత్త కళ్ళకు దారి మూసేయడం హాకీ లోకానికి అలవాటే, నాకు బాధ కలిగించే విషయం కూడా అదే.

అమ్మ అడిగిన రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. హాకీలో ఒక ఆటగాడు ఒక్క విడతలో మంచు మీద ఉండేది ముప్పావు నిమిషం. ఎంత గొప్పవాడైనా, కానర్ మెక్‌డేవిడ్ అయినా సరే, 60 నిమిషాల ఆటలో అతను కనిపించేది 20 నిమిషాల పైచిలుకు మాత్రమే. మిగిలిన సమయమంతా బెంచి మీదే. ఎన్‌బీఏలో 48 నిమిషాల ఆటలో పెద్ద ఆటగాళ్ళు 35 నిమిషాల దాకా కళ్ళ ముందే ఉంటారు, కోర్టులో జట్టుకు ఐదుగురే ఉంటారు, తల మీద హెల్మెట్ ఉండదు. లెబ్రాన్ జేమ్స్ కనుబొమ ముడిపడినా హైదరాబాదులో ఫోన్ చూస్తున్న కుర్రాడికి తెలుస్తుంది. తారలను పుట్టించే ఏర్పాటు బాస్కెట్‌బాల్‌లో ఆట నియమాలలోనే ఉంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కు అమెరికా జోర్డన్, మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్‌లతో కూడిన జట్టును పంపినప్పుడు ప్రపంచం పరిచయం చేసుకున్నది ఆ ముఖాలతోనే.

ఇక ఆడటం సంగతి. మా అబ్బాయి బాస్కెట్‌బాల్ ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు నిజంగా తెలియదు. బడి వెనుక రింగు ఉంది, ఎవరిదో ఒక బంతి ఉంది, మధ్యాహ్నం విరామం ఉంది. మమ్మల్ని డబ్బూ అడగలేదు, అనుమతీ అడగలేదు. మా అమ్మాయి హాకీ ఆడతానన్నప్పుడు మాత్రం అది ఇంటిల్లిపాదీ కూర్చుని తీసుకోవలసిన నిర్ణయమైంది. స్కేట్లు, హెల్మెట్, దాని ముందు జాలీ, మెడ పట్టీ, భుజాలకూ మోచేతులకూ మోకాళ్ళకూ ప్యాడ్లు, గ్లవ్స్, ప్యాంటు, కర్ర. వాడిన సామాను అమ్మే దుకాణంలో కొన్నా బిల్లు చిన్నదేమీ కాదు, పైగా ఏడాది తిరిగేసరికి పాదం పెరిగి స్కేట్లు బిగుతవుతాయి. మంచుకు గంటల లెక్కన అద్దె కట్టాలి, పోటీ జట్టులోకి వెళితే ఏడాదికి వేల డాలర్లు. తెల్లవారకముందే రింకులో (హాకీ ఆడే మంచు మైదానంలో) రబ్బరు పరిచిన నేల మీద మోకాళ్ళూని, ఒక్కొక్క రంధ్రం దగ్గరా లేసును లాగి బిగిస్తుంటే వేళ్ళ మీద ఎర్రగా గాట్లు పడేవి. వదులుగా కడితే చీలమండ నిలవదు, బిగుతుగా కడితే పాదం తిమ్మిరెక్కి పిల్ల ఏడుస్తుంది. మా పక్కన కూర్చున్న తండ్రులందరూ తమ తండ్రుల దగ్గర ఆ ముడి నేర్చుకున్నవాళ్ళు. వలస వచ్చిన కుటుంబానికి ఆ ముడి ఎవరూ నేర్పరు.

ఆ రింకులో మా అమ్మాయి జట్టును చూసి, ఆ తర్వాత బడి మైదానంలో మా అబ్బాయి చుట్టూ మూగిన పిల్లలను చూస్తే, ఈ ప్రాంతం ఎటు పోతున్నదో గణాంకాలు అక్కరలేకుండానే అర్థమవుతుంది. వలస కుటుంబాలను హాకీకి దగ్గర చేసే విషయంలో ఎన్‌హెచ్‌ఎల్ చేస్తున్నది చాలదు. బాగా చేసినవాళ్ళూ ఉన్నారు: 2008లో పంజాబీలో హాకీ వ్యాఖ్యానం మొదలుపెట్టిన హర్‌నారాయణ్ సింగ్ బృందం వల్ల, పంజాబీలు ఎక్కువగా ఉండే బ్రాంప్టన్‌లో, సర్రేలో ఎన్నో ఇళ్ళల్లోకి హాకీ వెళ్ళింది. ఒక భాషలో ఆ పని జరిగితే ఇంత ఫలితం కనబడింది కదా, మిగిలిన భాషలలో ఇంతగా ఎందుకు జరగలేదని నేను అడుగుతూనే ఉంటాను.

చరిత్ర చూస్తే బాధ ఇంకా ఎక్కువవుతుంది, ఎందుకంటే ముందుగా మొదలైనది హాకీయే. ఎన్‌హెచ్‌ఎల్ 1917లో మాంట్రియల్‌లో పుట్టింది. ఎన్‌బీఏగా మారిన లీగు 1946లో మొదలైంది, దాన్ని మొదలుపెట్టినవాళ్ళు చాలామంది హాకీ అరీనాల యజమానులే. హాకీ లేని రాత్రుల్లో అరీనా ఖాళీగా ఉండకూడదన్నది వాళ్ళ ఆలోచన. దాని తొలి అధ్యక్షుడు మారిస్ పొడొలోఫ్ అప్పటికే అమెరికన్ హాకీ లీగుకు అధ్యక్షుడు. ఆ లీగు తొలి మ్యాచ్ కూడా 1946 నవంబరు 1న టొరంటోలో, అప్పట్లో లీఫ్స్ ఆడిన మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లోనే జరిగింది. న్యూయార్క్ 68-66తో టొరంటో హస్కీస్‌ను ఓడించింది. వచ్చినవాళ్ళు ఏడు వేల పైచిలుకు మంది. హస్కీస్ జట్టు ఒక్క సీజన్‌తోనే మూతపడింది. ఇప్పటికీ టొరంటో అరీనాలో రాప్టర్స్ ఆడే రాత్రి మంచును కరిగించరు; దాని మీద పలకలు పరిచి, ఆ పైన చెక్క కోర్టు బిగిస్తారు.

అమెరికాలో హాకీ వెనుకబడటంలో లీగు తప్పిదాలూ ఉన్నాయి. 1988లో హాకీలో అందరికన్నా పెద్ద తార అయిన వేన్ గ్రెట్జ్‌కీని ఎడ్మంటన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చాక ఎండ ప్రాంతాలలో జట్లు వరసగా వెలిశాయి. అదే కాలంలో కెనడా డాలరు నీరసించి క్యుబెక్ జట్టు 1995లో కొలరాడోకు, విన్నిపెగ్ జట్టు 1996లో అరిజోనాకు పోయాయి. ఆ అరిజోనా జట్టు చివరికి 2024లో యూటాకు తరలింది. ఇవన్నీ ఒక ఎత్తు, 2004-05 లాకౌట్ ఒక ఎత్తు. జీతాల గొడవలో యజమానులు ఆటగాళ్ళను ఆడనివ్వకపోవడంతో సీజన్ మొత్తం రద్దయింది. దాని తర్వాత ఈఎస్‌పీఎన్ హాకీని వదిలేసి 2021 దాకా వెనక్కి రాలేదు. అమెరికాలో ఒక తరం పిల్లలు రోజూ చూసే చానల్లో హాకీ లేకుండానే పెరిగారు. దీనికి బాధ్యులైన యజమానులను నేను ఎప్పటికీ క్షమించలేను.

కెనడాలో హాకీ స్థానం ఇప్పటికీ చెక్కుచెదరలేదన్నది నిజమే. సిడ్నీ క్రాస్‌బీ గోలు కొట్టి గెలిపించిన 2010 వాంకూవర్ ఒలింపిక్స్ ఫైనల్‌ను, 3.4 కోట్ల జనాభా ఉన్న దేశంలో సగటున 1.66 కోట్ల మంది చూశారు. రోజర్స్ సంస్థ 2026 నుంచి మరో 12 ఏళ్ళకు 1,100 కోట్ల కెనడా డాలర్లతో హక్కులు తీసుకున్నది. కానీ 1993 తర్వాత కెనడా జట్టేదీ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్పు గెలవలేదు, లీఫ్స్ అయితే 1967 నుంచి గెలవలేదు. 1995లో మొదలైన రాప్టర్స్ 2019లోనే గెలిచారు. హామిల్టన్‌లో పెరిగిన షే గిల్జస్-అలెగ్జాండర్ 2025లో ఎన్‌బీఏ ఉత్తమ ఆటగాడయ్యాడు, అదే ఏడాది టైటిలూ గెలిచాడు. ఇంకో ఇరవై ఏళ్ళలో టొరంటో చుట్టుపక్కల బాస్కెట్‌బాల్‌దే పైచేయి అవుతుందని నేను ఖాయంగా చెబుతున్నాను.

అయితే ఎక్కువమంది చూసేదే మంచి ఆట అని మీరు నిర్ణయించుకోవద్దని మనవి. చివరి రెండు నిమిషాల ఆటను టైమౌట్లతో, రివ్యూలతో, ఫ్రీ త్రోలతో పావుగంట సాగదీసే ఎన్‌బీఏ కన్నా, బంతి ఆగినట్టు పక్ ఆగని హాకీ చివరి నిమిషం నాకు ఎప్పుడూ గొప్పగానే అనిపిస్తుంది. మీరు ఓంటారియోకు వస్తే ఎన్‌హెచ్‌ఎల్ టికెట్టుకు వందల డాలర్లు పెట్టకండి. పదహారు నుంచి ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఆడే ఓంటారియో హాకీ లీగు మ్యాచ్‌కు వెళ్ళండి, చాలా తక్కువ ధరకే దొరుకుతుంది. మంచు చుట్టూ ఉండే అద్దం పక్కన కాకుండా పది, పదిహేను వరుసలు పైన, మూలకు దగ్గరగా కూర్చోండి. ఆటలోని మూడు భాగాల్లో మొదటిదైన మొదటి పీరియడ్‌లో పక్ కోసం వెతక్కుండా ఆటగాళ్ళు ఎటు తిరుగుతున్నారో మాత్రమే చూడండి. రెండో పీరియడ్ వచ్చేసరికి పక్ దానంతటదే కనబడటం మొదలవుతుంది. మా అమ్మ రెండోసారి వచ్చినప్పుడు నేను చేసిన పని అదే, ఆమె మూడో పీరియడ్ ముగిసేదాకా లేవలేదు.