తోతాపురి ధర కోసం హైవే మీద కూర్చుంటే అధికారులు ఏం చేస్తారు?

మామిడి రైతులు వందమంది చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర తిరుపతి రోడ్డు మీద రాస్తారోకో చేస్తే ఏమవుతుందని అడిగారు.

పోలీసుల పని ముందురోజు రాత్రే మొదలవుతుంది. ముందుండి నడిపేవాళ్ళను బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 170 కింద స్టేషన్‌కు తీసుకుపోతారు. వేరే కేసు లేకుంటే 24 గంటలు దాటి ఉంచకూడదు. ఇంటి ముందు కానిస్టేబుల్‌ను కాపలా పెడితే ఏ ఉత్తర్వు ప్రకారమో కాగితం చూపమనండి. పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉంటే అనుమతి తీసుకుని ఊరేగింపు చేయొచ్చు. పాత 144, అంటే ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 163 ఉంటే గుమికూడటాన్నే నిషేధించి ఉండొచ్చు. ఏది ఉందో ముందే కనుక్కోండి.

తిరుమల భక్తుల బస్సులు తిరిగే దారి కాబట్టి ఇక్కడ పోలీసుల ఓపిక తక్కువ. ఎస్‌ఐ, ఆపై అధికారి ఎవరైనా చెదిరిపొమ్మని ఆదేశించవచ్చు. వినకుంటే వ్యాన్ ఎక్కిస్తారు. దారి అడ్డగించినందుకు బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్లు 126, 285 పెడతారు. 285కి రూ.5,000 దాకా జరిమానా, 126కి నెల దాకా జైలు. టైర్లు కాల్చి రోడ్డు పాడుచేస్తే మాత్రం జాతీయ రహదారుల చట్టం 8బి కింద ఐదేళ్ళ దాకా పడొచ్చు, ఆ పని దయచేసి వద్దు. అంబులెన్స్‌కు ఒక వరుస ఎప్పుడూ ఖాళీగా ఉంచండి, దానికోసమే ఇద్దరిని నిలబెట్టండి.

అసలు సంగతి, ఆర్డీఓ వచ్చాక మీరు ఆయన్ను ఏం అడుగుతారన్నది. చాలా ధర్నాలు ఇక్కడే వృథా అవుతాయి. కిలో ధర ఆయన చేతిలో లేదు. 2025లో కిలోకు గుజ్జు ఫ్యాక్టరీలు రూ.8, ప్రభుత్వం రూ.4 ఇవ్వాలన్న నిర్ణయం పైనుంచి వచ్చిందే. ఆయన చేయగలిగినవి అడగండి: ఫ్యాక్టరీ గేటు దగ్గర టోకెన్లు వరుస తప్పకుండా ఇవ్వడం, లారీలు, ట్రాక్టర్లు రోజుల తరబడి నిలవకుండా చూడటం, ఫ్యాక్టరీ యజమానులతో కలెక్టర్ సమావేశానికి తేదీ. అర్జీ ఒక పేజీ దాటనివ్వకండి. రెండో ప్రతి మీద సంతకం, ముద్ర వేయించుకున్నాకే లేవండి.

‘కేసులుండవు’ అన్న నోటిమాటను నమ్మకండి. చార్జిషీటు పడ్డాక పోలీసులు వాటిని ఎత్తేయలేరు. ప్రభుత్వం నిర్ణయించి, ప్రాసిక్యూటర్ కోర్టును అడగాలి, కోర్టు ఒప్పుకోవాలి. అందుకే ఎఫ్‌ఐఆర్ ప్రతి తీసుకుని పెట్టుకోండి.