నాలుగింటికి చదివే కీర్తన

"ఏడాదిగా ప్రార్థన చేస్తున్నా మా ఇంట్లో కష్టం తీరలేదు. దేవుని వెలుగు అంటారే, అది మీలో ఎవరికైనా నిజంగా కనిపించిందా?" అని మీరు అడిగారు. నాకు కనిపించింది, అందుకే రాస్తున్నాను.

మాది కాజీపేట. మా ఆయన మూడేళ్లు డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడుసార్లు, పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు. రోజంతటికీ కొలిచిన నీళ్లే. ఎండాకాలంలో దూప తట్టుకోలేక చిన్న ఐస్ ముక్క చప్పరించేవారు. ఆయన ముందు నీళ్లు తాగడానికి మనసొప్పక నేను వంటింట్లోకి పోయి తాగేదాన్ని.

ఒకరోజు ప్రార్థనకు వచ్చినవాళ్లు ఒకరు "మీలో విశ్వాసం తక్కువైంది, అందుకే స్వస్థత రావట్లేదు" అని ఆయన ముందే అన్నారు. అప్పటినుంచి రెండు నెలలు మోకరించినా నాకు నోట మాట రాలేదు.

మా సంఘంలోని ఒక పెద్దమ్మ వచ్చింది. వాక్యం చెప్పలేదు. బోళ్లన్నీ తోమి, పోయేముందు బైబిల్లో 88వ కీర్తన తీసిచ్చి "చదువు బిడ్డా, ఏడుపొస్తే ఏడువు" అంది. మీరూ చదవండి, 18 వచనాలే. విలాప కీర్తనలు చాలావరకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. హేమాను రాసిన ఇది మాత్రం "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. దేవునితో అంత మాట అనొచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఆ రాత్రి కోపంతోనే అడిగాను, ఎందుకిలా చేస్తున్నావు తండ్రీ అని. మళ్లీ ప్రార్థన మొదలైంది అక్కడే.

డయాలసిస్ సూదుల కోసం ఆయన ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేశారు. దాని మీద చేయి పెడితే లోపల రక్తం గుర్రుమని పారడం తెలిసేది. ఆ అదురు ఆగితే వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు. రోజూ తెల్లారుజామున నాలుగింటికి లేచి అరచేయి పెట్టి చూసేదాన్ని. తగలగానే "స్తోత్రం ప్రభువా" అనుకునేదాన్ని. ఆ పూటకు అది చాలు.

ఒకసారి డయాలసిస్ లేని రోజు మెదక్ చర్చికి పోయాం. కరువులో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పోస్నెట్ దొర కట్టించి, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన గుడి. దాని రంగు అద్దాల కిటికీలు బయటినుంచి నల్లగానే కనిపిస్తాయి. లోపలికి పోతే ఎండకు సిలువ మీది ప్రభువు నిండా వెలుగుతున్నాడు. పొద్దుగూకితే ఆ బొమ్మ కనిపించదు. మా ఆయన చాలాసేపు దాన్నే చూసి, "సిలువ మీద ఆయన కూడా దూపైతుందన్నాడు కదా" అన్నారు. అంతే అన్నారు. ఆయన ముఖంలో టెన్షన్ పోయి అంత నెమ్మది ఉండటం నేను ఏళ్ల తర్వాత చూశాను. నేను చూసిన వెలుగు అదే.

ఆయన ప్రభువు దగ్గరికి పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ నాలుగింటికి మెలకువ వస్తుంది, చేయి అలవాటుగా పక్కకు పోతుంది. లేచి లైటు వేసి ఆ కీర్తన చదువుతాను. మీ పేరు తెలియదు గానీ, రేపటినుంచి మీ ఇంటి కోసం కూడా చదువుతాను.