చాక్లెట్ సంగతి సరే, ఆ అర మాత్ర సంగతేమిటి?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. క్రిస్మస్‌కు మా అబ్బాయి, కోడలు అమెరికా నుంచి వస్తూ చాక్లెట్లు చాలా తెచ్చారు. అందరికీ పంచినా కిలోకు పైగా మిగిలాయి. స్టీలు డబ్బాలో పోసి వంటింటి అలమరలో పెట్టాను. ఇప్పుడు చూస్తే వాటి మీద తెల్లని పొర వచ్చింది. అది బూజేనా? పారేయడానికి మనసు ఒప్పడం లేదు, కరిగించి కుక్కర్‌లో కేకు చేద్దామనుకుంటున్నాను. అలా చేస్తే చాక్లెట్‌లోని చక్కెర కొంతైనా తగ్గుతుందా? మా వారికి 63 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. తీపి తిన్న రోజు రాత్రి షుగరు మాత్ర మరో అర ముక్క ఎక్కువ వేసుకుంటారు కాబట్టి పరవాలేదంటారు. ఈ మధ్య రెండు మూడు సార్లు తెల్లవారుజామున చెమటలు పట్టి నీరసపడిపోయారు. గ్యాస్ అనుకుని సోడా తాగించాం. అప్పటి నుంచి జేబులో ఒక చాక్లెట్ ఉంచుకుంటున్నారు. డార్క్ చాక్లెట్ షుగరుకు మంచిదంటారు, నిజమేనా? మూడేళ్ల మనవరాలు కూడా మా దగ్గరే ఉంది. తనకు ఈ కేకు పెట్టవచ్చా? (ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, చాక్లెట్ మీద తెలుపు గురించి, కేకు గురించి వివరంగా రాశారు. రాత్రి వేసుకునే అర మాత్రను, తెల్లవారుజామున పట్టే చెమటలను మాత్రం దారిన పోతూ చెప్పినట్టు రెండు వాక్యాల్లో తేల్చేశారు. నన్ను ఆపినవి ఆ వాక్యాలే. కేకు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ అదనపు అర మాత్రను ఈ రాత్రి నుంచే మానిపించండి. డాక్టరు రాసిచ్చిన మామూలు మోతాదును మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు, తగ్గించవద్దు. రేపే ఆ డాక్టరును కలిసి ఈ చెమటల సంగతి చెప్పండి.

మాత్ర పేరు మీరు రాయలేదు. ఇన్నేళ్లుగా షుగరు ఉన్నవారి మందుల చీటీలో తరచుగా కనిపించేది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర. కొన్నిటిలో వోగ్లిబోస్ కూడా ఉంటుంది. మీ వారిది అదే అనుకుని చెబుతున్నాను. వేరేదైతే నేను చెప్పే వాటిలో కొన్ని వర్తించవు. గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనం ఒక ముక్క తిన్నామా, నాలుగు తిన్నామా అన్నది దానికి అనవసరం. దాని ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. కేకు తిన్నప్పుడు పెరిగిన చక్కెరేమో కొన్ని గంటల్లోనే దిగిపోతుంది. మీ వారు రాత్రి ఎనిమిదింటికి కేకు తిని, అర మాత్ర ఎక్కువ వేసుకుని పడుకున్నారనుకుందాం. అర్ధరాత్రి దాటేసరికి కేకు అయిపోతుంది, కడుపు ఖాళీ అవుతుంది, మాత్ర మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఇక తెల్లవారుజామున చక్కెర పడిపోతే ఆశ్చర్యమేముంది?

రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే జాగ్రత్త పడాలి. 54 కంటే తగ్గితే ప్రమాదంలో ఉన్నట్టే. బనియను తడిసేంత చెమట, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, కారణం లేని చిరాకు దాని లక్షణాలు. ఇంకా పడితే మాట తడబడుతుంది, మనుషులను పోల్చుకోలేరు, ఫిట్స్ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. పక్షవాతం వచ్చిందని పరుగున తీసుకొచ్చిన పెద్దవారికి వేలికొన నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చూస్తే 40 ఉండటం మా వృత్తిలో కొత్త కాదు. బీపీకి మెటోప్రొలాల్ వంటి మాత్ర వాడుతుంటే దడ, వణుకు బయటికి సరిగా తెలియవు. చెమట ఒక్కటే మిగులుతుంది. మీ వారికి పట్టింది చెమటే. అందుకే బీపీ మాత్ర పేరు కూడా డాక్టరుకు చూపించమంటున్నాను.

ఇంకో మెలిక ఉంది. ఆ మాత్ర అట్ట తిప్పి చూడండి. పేరు పక్కన ఎస్ఆర్ అనో, ఈఆర్ అనో, పీఆర్ అనో అక్షరాలు ఉంటే అందులోని మందు నెమ్మదిగా కరిగేలా తయారు చేశారని అర్థం. అలాంటి మాత్రను డాక్టరో ఫార్మసిస్టో చెప్పకుండా విరవకూడదు, నూరకూడదు, నమలకూడదు. విరిస్తే నెమ్మదిగా కరగాల్సిన మందు ఒక్కసారిగా దిగవచ్చు. పైగా రెండు మూడు మందులు కలిసిన మాత్రను మధ్యకు విరిస్తే ఏ సగంలో ఏది ఎంత వచ్చిందో చెప్పడం కష్టం. ఆయన వేసుకుంటున్నది అర మోతాదేనని ఎవరు చెప్పారు?

సంక్రాంతికి అరిసెలు తిన్నామని, ఉగాదికి ఓళిగలు తిన్నామని, పెళ్లిలో లడ్డూ తిన్నామని మాత్ర పెంచుకునేవారిని ప్రతి పండుగ తర్వాతా చూస్తుంటాను. రంజాన్ నెలలో సహరీ, ఇఫ్తార్ వేళలను బట్టి మాత్రలను తామే అటూ ఇటూ మార్చుకునేవారూ తక్కువేమీ కాదు. ఉపవాసాలు మొదలవడానికి ముందే ఒక్కసారి వచ్చి అడిగితే వేళలు, మోతాదు మార్చి రాసిస్తాం, అదేమీ పెద్ద పని కాదు. తీపి తిన్నందుకు పరిహారంగా మింగడానికి మాత్ర జరిమానా కాదు కదా! చదువుకున్నవారు కూడా ఈ లెక్కే వేసుకుంటారు, అదే నాకు కోపం తెప్పిస్తుంది. అడిగితే మెడికల్ షాపులో ఇస్తున్నారు కాబట్టి సరిపోతోంది. మీ వారి వయసులో, ఇన్నేళ్ల షుగరు, బీపీ తర్వాత మూత్రపిండాల పని కొంత తగ్గి ఉండవచ్చు. అలా తగ్గి ఉంటే ఈ మందు ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలిచిపోతుంది. క్రియాటినిన్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారో గుర్తుందా? ఏడాది దాటితే ఈసారి తప్పక చేయించండి.

ఇక జేబులో చాక్లెట్. ఉద్దేశం మంచిదే, వస్తువే తప్పు. చాక్లెట్‌లోని కొవ్వు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, అందువల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. షుగరు పడిపోయినప్పుడు ఆ ఆలస్యమే కొంప ముంచుతుంది. 15 గ్రాముల గ్లూకోజు పొడిని నీళ్లలో కలిపి ఇవ్వండి. అది లేకపోతే మూడు నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు ఇవ్వవచ్చు. కానీ మాత్రలో వోగ్లిబోస్ ఉంటే మామూలు చక్కెర విడిపోయి రక్తంలో కలవడానికి సమయం పడుతుంది, అలాంటివారికి గ్లూకోజే కావాలి. అందుకే ఇంట్లో గ్లూకోజు ప్యాకెట్ ఒకటి, ఆయన జేబులో చిన్న పొట్లం ఒకటి ఎప్పుడూ ఉండాలి. ఇచ్చిన 15 నిమిషాలకు గ్లూకోమీటరుతో చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి. తేరుకున్నాక ఇడ్లీయో, అన్నమో, రొట్టెయో పెట్టండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో చుక్క నీళ్లు కూడా పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోను చేయండి. గ్లిమెపిరైడ్ వల్ల షుగరు పడిపోయినవారు తేరుకున్నట్టే కనిపించి, కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు. కాబట్టి లేచి కూర్చున్నారని ఆసుపత్రి ప్రయాణం మానుకోకండి.

గ్యాస్ అన్నారు. చెమటలు, నీరసం గ్యాస్ వల్లే అని ఏ పరీక్షా లేకుండా ఎలా తేల్చారు? షుగరు ఉన్నవారిలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా, ఒట్టి చెమట, ఆయాసంతో కూడా రావచ్చు. ఇది షుగరు పడిపోవడమేనని ఇక్కడ కూర్చుని నేనూ ఖాయంగా చెప్పలేను. ఆ సమయంలో గ్లూకోమీటరు అంకె లేదు, ఈసీజీ లేదు. అందువల్ల రెండూ చూడాల్సిందే. ఈసారి అలాంటి చెమట పట్టగానే మొదట వేలికొన రక్తం చూడండి. అంకె మామూలుగానే ఉండి చెమట ఆగకపోతే, లేదా ఆయాసం, ఛాతీ బరువు, దవడలో గాని ఎడమ చేతిలో గాని లాగుడు ఉంటే, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీటరు ఇంట్లో లేకపోతే ఇవాళే కొనండి. ఈ రెండు మూడు రాత్రులు పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని ఒకసారి చూసి, అంకెలు కాగితం మీద రాసి పెట్టండి. మీ డాక్టరుకు వందమాటల కంటే ఆ కాగితం ఉపయోగపడుతుంది.

ఇప్పుడు మీరు అడిగిన చాక్లెట్. ఆ తెలుపు బహుశా బూజు కాదు. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన వైపు పొయ్యి పక్క అలమరలో పగలు ఆ వేడి రావడానికి ఎండాకాలం దాకా ఆగనక్కర్లేదు. పగలు మెత్తబడి, రాత్రి గట్టిపడినప్పుడు ఆ వెన్న పైకి తేలి తెల్లగా పేరుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీసిన చాక్లెట్ మీద తేమ చేరి, చక్కెర కరిగి మళ్లీ గట్టిపడినా తెల్లబడుతుంది. వేలితో రుద్ది చూడండి. వేలి వెచ్చదనానికి కరిగి నున్నగా తగిలితే వెన్న, గరుకుగా పొడిపొడిగా తగిలితే చక్కెర. రెండూ హాని చేయవు, కేకులో వేసుకోవచ్చు. నూగులాగా లేచి ఉన్నా, ఆకుపచ్చ, నలుపు చుక్కలున్నా, గింజలున్న చాక్లెట్‌లో సన్నని గూడు దారాలు కనిపించినా, పాత నూనె వాసన వచ్చినా మాత్రం మనసు ఒప్పించుకుని పారేయండి. లోపల క్రీము, పండ్ల గుజ్జు నింపినవి తొందరగా చెడతాయి, అట్ట మీద తేదీ చూడండి. డబ్బాలో పోసి అట్టలు పారేశారేమో, అప్పుడు క్రీమువి పక్కన పెట్టడమే మేలు. విదేశీ చాక్లెట్లలో కొన్నిటిలో రమ్ము, బ్రాందీ నింపుతారు. వేడి చేసినా మద్యం పూర్తిగా పోదు. అవి పాపకు, మీ వారికి వద్దు.

వేడికి చక్కెర తగ్గదు. చాక్లెట్‌లో ఎంత ఉంటే కేకులోనూ అంతే ఉంటుంది, పైగా మీరు ఇంకొంత పోస్తారు. 200 గ్రాముల మిల్క్ చాక్లెట్‌లో దాదాపు 100 గ్రాములు చక్కెరే. మామూలు కొలత ప్రకారం ఒక కప్పు, అంటే 200 గ్రాముల పంచదార కలిపితే మొత్తం 300 అవుతుంది. పన్నెండు ముక్కలు కోస్తే ముక్కకు 25 గ్రాములు, మైదా సంగతి వేరే. షుగరు లేని పెద్దవారికే రోజు మొత్తానికి ఇంచుమించు అంత లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. చాక్లెట్ ఎలాగూ సగం చక్కెరే కాబట్టి పంచదార పూర్తిగా మానేసి చూడండి. ముక్కకు 8 గ్రాములకు దిగుతుంది, రుచి కూడా పెద్దగా చెడదని మా ఇంట్లో అనుభవం. చాక్లెట్ కరిగించేటప్పుడు నీటి చుక్క పడకుండా చూసుకోండి, పడితే ముద్దలా గట్టిపడుతుంది. కుక్కర్ విద్య మీకే బాగా తెలిసి ఉంటుంది, అందులో నేను వేలు పెట్టను.

మీ వారి షుగరు అదుపులో ఉందని తేలాక, అగ్గిపెట్టె అంత ముక్క భోజనం చివర, ఆ పూట కొంత అన్నం తగ్గించుకుని తినవచ్చని సాధారణంగా చెబుతాను. ఆయన విషయంలో ఆ మాట మీ డాక్టరు చెప్పాలి. డార్క్ చాక్లెట్ మందు కాదు. 70 శాతం అని రాసినదానిలో మిగతా 30 శాతం చాలావరకు చక్కెరే. షుగర్ ఫ్రీ అన్నవాటిలో తీపి కోసం చక్కెరకు బదులు తరచుగా మాల్టిటాల్ వాడతారు. అది కూడా రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. పాపకు కేకు పెట్టవచ్చు గాని, బాదం, హేజెల్‌నట్ వంటి గింజలు ముక్కలుగా ఉంటే గొంతుకు అడ్డం పడతాయి, మెత్తగా పొడి చేసి వేయండి. గింజలు ఆమె ఇంతకుముందు ఎప్పుడూ తినకపోతే కొంచెం పెట్టి చూడండి. దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గుడ్డు కలిపిన పచ్చిపిండి గిన్నెను ఆమె చేతికి నాకడానికి ఇవ్వవద్దు.

దీనికోసం కడపదాకా రానక్కర్లేదు, ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలోనే చూపించవచ్చు. ఆయన వాడే మాత్రల అట్టలన్నీ, విరిచి మిగిల్చిన అర ముక్కలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష), క్రియాటినిన్, ఈసీజీ గురించి అడగండి. పరగడుపు రక్తం ఇవ్వాలంటే ఉదయం షుగరు మాత్ర ఇంట్లో వేసుకుని బయలుదేరవద్దు. మాత్ర, టిఫిను వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక టిఫిను ముందు పెట్టుకుని అప్పుడు వేసుకోమనండి. వరుసలో ఆలస్యమై దారిలోనో, అక్కడో చెమట పడితే పరీక్ష కోసం ఆగకుండా గ్లూకోజు ఇచ్చేయండి, రక్తం మర్నాడు ఇవ్వవచ్చు.