వాతావరణ హక్కుల కోసం లా చదువుతానంటోంది, చేర్చవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. 2024 బుడమేరు వరద తర్వాత నుంచి ‘జనాన్ని కాపాడటం ప్రభుత్వ బాధ్యత కాదా’ అంటూ లా చదువుతానని పట్టు పట్టింది. మేం సీఎస్ఈ అనుకున్నాం. ఆ చదువుకు భవిష్యత్తు ఉందా?
– ఒక తండ్రి

జవాబు: ఉందండీ. కాకపోతే ‘వాతావరణ లాయర్’ అని ఎవరూ విడిగా నోటిఫికేషన్ ఇవ్వరు. మామూలు లాయరుగా గట్టిపడినవాళ్లే ఈ పని చేయగలరు.

మీ అమ్మాయి అడిగినదాన్నే ఇప్పుడు పెద్ద కోర్టులూ విచారిస్తున్నాయి. 2024 మార్చి 21న రంజిత్‌సింహ్ కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (జీవించే హక్కు) అధికరణాల్లోనే ఉందని చెప్పింది. నిజానికి అది కరెంటు తీగలు తగిలి చనిపోతున్న బట్టమేక పిట్టల కోసం వేసిన కేసు! 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడటం దేశాలకు చట్టపరమైన బాధ్యతేనని అభిప్రాయం చెప్పింది. కోర్టును ఆ అభిప్రాయం అడగాలని మొదట పూనుకున్నది పసిఫిక్ దీవుల లా విద్యార్థులు.

హక్కు ఉందని తీర్పు రావడం ఒక ఎత్తు, దాన్ని సింగ్‌నగర్ దాకా తేవడం ఇంకో ఎత్తు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. వరద సాయం లెక్కల్లో ఒక ఇల్లు తప్పిపోయిందనుకోండి. ‘పర్యావరణమే కదా’ అని చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు (పర్యావరణ కేసులు చూసే ప్రత్యేక న్యాయస్థానం) వెళితే పని జరగదు. ఆ ట్రిబ్యునల్ చూసే చట్టాల జాబితాలో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం లేదు. ప్రభుత్వాన్ని ఆదేశించే అధికారం హైకోర్టుకిచ్చే రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతిలో హైకోర్టుకే వెళ్లాలి. అలా కాక, కాలువలోకి ఫ్యాక్టరీ మురుగు వదులుతున్నారంటే ట్రిబ్యునలే సరైన చోటు. అయితే హరిత ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద ఆరు నెలల్లో వేయాలి, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. ఏ అధికారి, ఏ సెక్షన్ కింద, ఏ పని చేయలేదు అన్నది కాగితంతో చూపించాలి. ఆవేశంగా రాసిన పిటిషన్లు మొదటి వాయిదాకే నీరుగారిపోతాయి.

అందుకే ఎంపీసీ చదివింది వృథా కాదు. క్యూసెక్కులు, వర్షపాతం పట్టికలు, గేజ్ రీడింగులు చూసి బెదరని లాయర్లు తక్కువ.

జాతీయ లా విశ్వవిద్యాలయాల్లో (హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య వంటివి) సీటుకు క్లాట్ (ఉమ్మడి లా ప్రవేశ పరీక్ష) రాయాలి: 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. అంతా ఇంగ్లిష్‌లోనే, పేరాలు చదివి జవాబివ్వాలి. మన కార్పొరేట్ కాలేజీ పిల్లలు లెక్కల్లో కాదు, చదివే వేగంలో వెనకబడతారు. రోజూ ఒక ఇంగ్లిష్ సంపాదకీయం ఇప్పటి నుంచే మొదలుపెట్టించండి. పరీక్ష ఈ మధ్య డిసెంబరులోనే పెడుతున్నారు. ‘పబ్లిక్ పరీక్షలయ్యాక చూద్దాం’ అనుకుంటే ఏడాది పోతుంది. రెండో దారి ఏపీ లాసెట్, అంటే రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష. అది తెలుగులోనూ రాయవచ్చు, ఫీజుల భారం చాలా తక్కువ. ‘క్లైమేట్ లా’ పేరుతో ఆన్‌లైన్ సర్టిఫికెట్లు అమ్మేవాళ్లకు ఇప్పుడే డబ్బు కట్టకండి. రాజ్యాంగం, పరిపాలనా చట్టం, సాక్ష్య చట్టం రాకుండా వాటితో ఒరిగేదేమీ లేదు.

సంపాదన మాట. ప్రాక్టీసులో తొలి మూడు నాలుగేళ్లు ఇంటి ఆసరా తప్పదు. జడ్జి అవుదామన్నా, సుప్రీంకోర్టు 2025 మే తీర్పు తర్వాత జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి. జీతం ముందు కావాలంటే కంపెనీల్లో పర్యావరణ నిబంధనల విభాగాలున్నాయి. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు ఏటా సుస్థిరత నివేదిక (పర్యావరణం, సమాజం విషయంలో తామేం చేస్తున్నారో చెప్పేది) ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం.

నిర్ణయం తీసుకునే ముందు ఒక పని చేయించండి. విపత్తు చట్టం 31వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకూ ప్రణాళిక ఉండాలి, ఏటా సవరించాలి. ఎన్టీఆర్ జిల్లా ప్రణాళిక కోసం కలెక్టరేట్‌లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చాక బుడమేరు ముంపు ప్రాంతాలేవి, ముందస్తు హెచ్చరిక ఎవరి బాధ్యత, చివరిసారి ఎప్పుడు సవరించారు అన్నవి తనచేతే వెతికించండి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ప్రిపరేషన్ మాత్రం ఆపించకండి. ఆ ఫైలు చదవడం విసుగనిపిస్తే సీఎస్ఈ ఎటూ పోదు.