ఎర్రమట్టిలో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

మట్టి ట్రాకు మీద నడిపే 250 సీసీ బండి కొన్నావని అక్క ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. హెల్మెట్టు, బూట్లు, మోకాలి ప్యాడ్ల గురించి చెప్పేవాళ్లు నీకు చాలామందే ఉంటారు. నేను ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్ గురించి మాత్రమే రాస్తాను. సీటు కింద కంటికి కనబడకుండా ఉంటుంది కాబట్టి దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఇంజిన్ ఎన్నాళ్లు బతుకుతుందన్నది మాత్రం చాలావరకు దాని చేతిలోనే ఉంది.

నీ ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతూ థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటే ఆ ఒక్క నిమిషంలో సుమారు 700 లీటర్ల గాలి పీలుస్తుంది. అనంతపురం పల్లెల బండిబాటల్లో ఆ గాలి నిండా దుమ్మే. అందులోని సన్నటి ఇసుక రేణువులు లోపలికి పోతే ఇంజిన్ ఆయిల్‌తో కలిసి పిస్టన్ రింగులనూ సిలిండర్‌నూ అరగదీస్తాయి. మొదట స్టార్టింగ్ కష్టమవుతుంది, పికప్ తగ్గుతుంది, తర్వాత పొగ మొదలవుతుంది. అప్పటికి బండి బోరుకు, అంటే అరిగిన సిలిండర్‌ను కోయించే పెద్ద రిపేరుకు, వచ్చినట్టే.

నీ బండిలో ఉన్నది స్పాంజి ఫిల్టర్. పొడి స్పాంజి సన్నటి దుమ్మును ఆపలేదు, దాని రంధ్రాలు అంత పెద్దవి. దుమ్మును పట్టేది స్పాంజికి రాసిన జిగురు నూనె. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే మిగతా పనంతా దానంతటదే అర్థమవుతుంది.

సీటు విప్పే ముందు ఆ చుట్టుపక్కల తడిగుడ్డతో తుడువు. లేకపోతే ప్యానెళ్ల మీది మట్టి నేరుగా ఫిల్టర్ కూర్చునే పెట్టెలో, అంటే ఎయిర్‌బాక్సులో, పడుతుంది. ఫిల్టర్‌ను గుంజకుండా నెమ్మదిగా పైకి తీసి, వెంటనే ఇంజిన్‌లోకి వెళ్లే గొట్టం నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కు. ఆ తర్వాతే ఎయిర్‌బాక్సు తుడువు. అడుగున నీళ్లు పోయే చిన్న గొట్టం ఉంటుంది, అది బురదతో మూసుకుపోయిందేమో చూడు.

స్పాంజిని ప్లాస్టిక్ పంజరం నుంచి విడదీసి, ఫిల్టర్ క్లీనర్‌లో గానీ కిరోసిన్‌లో గానీ ముంచి పిసుకు. పెట్రోలు వాడకు. అతుకుల జిగురు ఊడిపోతుంది, నిప్పు భయం సరేసరి. బట్టలు పిండినట్టు మెలిపెట్టకు, అతుకుల దగ్గర చిరుగుతుంది. రెండు అరచేతుల మధ్య నొక్కి వదలడమే. తర్వాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు వేసి ఉతికి, లోపలి నుంచి బయటికి నీళ్లు పోస్తూ జాడించు. కంప్రెసర్ గాలి కొట్టకు. నీడలో పూర్తిగా ఆరనివ్వు. చెమ్మ మిగిలితే అక్కడ నూనె పట్టదు. మురికి కిరోసిన్‌ను కాలువలో పారబోయకుండా డబ్బాలో పోసి ఉంచు.

ఆరిన స్పాంజిని వెలుతురుకు పెట్టి చూడు. అతుకు విచ్చుకున్నా, వేళ్లతో నలిపితే పొడి రాలినా, అంచు గట్టిపడినా కొత్తది వేయాల్సిందే. ఇక్కడ పొదుపు చూడకు.

నూనె విషయంలో తొందర పనికిరాదు. ఎయిర్ ఫిల్టర్ కోసమని అమ్మే నూనే కొను. ఇంజిన్ ఆయిల్ రాస్తే బండి నిలబెట్టిన చోటే కిందికి జారి, పై సగం పొడిగా మిగులుతుంది. చేతికి తొడుగు వేసుకుని, మడతలు, మూలలు, అతుకులతో సహా అంతటా నూనె పట్టించి, ఎక్కువైనది నొక్కి తీసెయ్యి. చాలా నూనెలకు నీలం, ఎరుపు లాంటి రంగు కలుపుతారు. ఎక్కడైనా మచ్చ పాలిపోయి కనిపిస్తే అక్కడ నూనె చేరనట్టే. వీలైతే రాత్రంతా అలా వదిలి, పొద్దున బిగించు.

బిగించేటప్పుడు ఎయిర్‌బాక్సుకు ఆనే అంచు చుట్టూ సన్నగా గ్రీజు రాయి. ఫిల్టర్‌ను దాని గాడిలో కూర్చోబెట్టి, చుట్టూ వేలు తిప్పి చూశాకే బోల్టు బిగించు. ఎంత బాగా ఉతికినా అంచులో సందు ఉంటే దుమ్ము ఆ దారినే పోతుంది. అందుకే తర్వాతి సారి విప్పినప్పుడు గొట్టం లోపలి గోడను తెల్లగుడ్డతో తుడిచి చూడు. గుడ్డకు ఎర్రటి చార అంటితే ఫిల్టర్ చిరిగిందనో, అంచు సరిగ్గా కూర్చోలేదనో అర్థం. కారణం తేలేదాకా బండి తీయకు.

దుమ్ములో నడిపిన ప్రతిరోజూ ఈ పని చేయాలి. రెండు ఫిల్టర్లు కొనుక్కుంటే భారం తగ్గుతుంది. ఒకటి బండిలో ఉంటుంది, రెండోది నూనె రాసి ప్లాస్టిక్ సంచిలో సిద్ధంగా ఉంటుంది. గుంపుగా వెళ్లినప్పుడు వెనక నడిపేవాడి ఫిల్టరే ముందు నిండుతుంది, కాబట్టి ముందు బండి దుమ్ము అణిగేంత దూరం పాటించు.

నీ స్నేహితుడిది కాగితం ఫిల్టర్ బండి అన్నావు కదా, ఈ పద్ధతి దానికి పనికిరాదని అతనికి చెప్పు. కాగితాన్ని ఉతకకూడదు, పైన నూనె రాయకూడదు. మాన్యువల్లో చెప్పిన గడువు కంటే ముందే మార్చెయ్యడం మంచిది.

మెకానిక్ చూసుకుంటాడులే అనుకోకు. 2020 నుంచి సౌదీ అరేబియా ఎడారిలో జరుగుతున్న డకార్ ర్యాలీ అనే మోటారు పందెంలో కూడా మారథాన్ దశ వచ్చిందంటే మెకానిక్‌ల సాయం ఉండదు, రైడర్లే తమ బండ్లు చూసుకోవాలి. ఈ ఆదివారం నువ్వే విప్పి, గొట్టం తుడిచిన గుడ్డ ఫోటో నాకు పంపించు. చూసి, కొత్త ఫిల్టర్ అవసరమో కాదో చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య